పిల్లల సర్ఫింగ్: ఫోమ్ బోర్డు నుంచి అసలు బోర్డుకు ఎప్పుడు?

ఐదారేళ్ల పిల్లో పిల్లాడో ఫోమ్ బోర్డు మీద నురుగు కెరటంలో నాలుగు క్షణాలు నిలబడితే చాలు, ఇంట్లో ఒక ప్రశ్న లేస్తుంది: ఇక అసలు బోర్డు కొనవచ్చా? సర్ఫింగ్ వేళ్లూనుకున్న హవాయి, కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా, బ్రెజిల్ తీరాల్లో దీనికి తలా ఒక జవాబు చెబుతారు. తొందరపడితే పిల్లలు భయపడి సముద్రానికే దూరమవుతారని ఒకరంటారు. ఆలస్యమైతే చెడు అలవాట్లు స్థిరపడతాయని ఇంకొకరంటారు. కొలతలు చెప్పి లెక్క తేల్చేవారు మరొకరు. టోక్యో ఒలింపిక్స్‌తో సర్ఫింగ్ పతకాల ఆట కూడా అయ్యాక ఈ ప్రశ్నలో తల్లిదండ్రుల ఆశలూ కలిశాయి.

చిక్కంతా ఒకే ప్రశ్నలో మూడు ప్రశ్నలు దాగి ఉండటం వల్ల వచ్చింది. సముద్రంలో పిల్లల భద్రత ఒకటి. నైపుణ్యం ఏ వరుసలో పెరుగుతుందన్నది రెండోది. ఈ ఆట నుంచి ఇంట్లోవాళ్లు ఏం ఆశిస్తున్నారన్నది మూడోది. ఒకదానికి చెప్పిన జవాబును మరొకదానికి అంటగట్టడంతోనే వాదం ముదురుతోంది.

చర్చ ఎలా మొదలైంది

హవాయి దీవుల సంప్రదాయంలో పలకలు రకరకాలు. పైపో అనే పొట్టి పలక మీద బోర్లా పడుకుని ఒడ్డు దగ్గరి కెరటాలు ఎక్కేవారు. పిల్లలకు మొదట చేతికొచ్చేది ఎక్కువగా ఇదే. అలాయా దానికన్నా పొడవైనది, పలుచనిది. చాలా పొడవుగా, బరువుగా ఉండే ఓలో పెద్దల హోదాకు గుర్తు. చిన్న పలక నుంచి పెద్ద పలకకు ఎదగడం అక్కడ సహజంగా జరిగేది. అన్నీ చెక్కవే కాబట్టి ‘ఆట బోర్డు’, ‘అసలు బోర్డు’ అన్న విభజనకు ఆస్కారం లేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ ఆట హవాయి దాటింది. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఈత స్వర్ణం గెలిచిన డ్యూక్ కహానమోకు 1914-15 వేసవిలో సిడ్నీ తీరంలో సర్ఫింగ్ చేసి చూపించాడు. అప్పుడు 15 ఏళ్ల ఇసబెల్ లెథమ్‌ను తన బోర్డు మీదే ఎక్కించుకుని కెరటం మీద తెచ్చాడు. ఆనాటి దుంగ పలకలు పిల్లలు సొంతంగా మోయగలిగినవి కావు. పెద్దవాళ్ల సాయంతోనే పిల్లలు కెరటం ఎక్కాలన్న పద్ధతికి ఇదీ ఒక కారణం.

1950ల్లో దక్షిణ కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ వంటివారు పాలీయురేథేన్ ఫోమ్‌కు ఫైబర్‌గ్లాస్ తొడుగు వేసిన బోర్డులను మార్కెట్‌కు తెచ్చారు. బరువు తగ్గింది. ‘అసలు బోర్డు’ అంటే గట్టి తొడుగున్న బోర్డు అన్న భావన అప్పుడు స్థిరపడింది. 1971లో హవాయిలో టామ్ మోరీ మెత్తని ఫోమ్‌తో బాడీబోర్డు తయారుచేశాడు. పాత పైపో కొత్త పదార్థంలో తిరిగొచ్చినట్టయింది. ఆ దశాబ్దంలోనే నిలబడి ఆడే మెత్తని బోర్డులూ వచ్చాయి. 1981లో ఆస్ట్రేలియా సర్ఫర్ సైమన్ ఆండర్సన్ అడుగున మూడు ఫిన్లు (రెక్కలు) ఉన్న బోర్డుతో పోటీలు గెలిచాక పెద్దల బోర్డులు ఇంకా పొట్టిగా, పలుచగా, చురుగ్గా మారాయి. పిల్లల చూపు వాటి మీద పడింది.

2005 డిసెంబరులో అమెరికాలో బోర్డుల లోపలి ఫోమ్ దిమ్మెలను సరఫరా చేసే అతిపెద్ద సంస్థ క్లార్క్ ఫోమ్ హఠాత్తుగా మూతపడింది. ఇతర పదార్థాలకు, దిగుమతులకు దారి తెరుచుకుంది. తర్వాతి ఏళ్లలో కాస్ట్‌కో వంటి గిడ్డంగి దుకాణాల్లో ఎనిమిదడుగుల వేవ్‌స్టార్మ్ ఫోమ్ బోర్డు సామాన్య కుటుంబాలకు అందుబాటులోకి వచ్చింది. జేమీ ఓబ్రయన్ లాంటి మేటి సర్ఫర్ హవాయిలోని పైప్‌లైన్ కెరటాల మీద మెత్తని బోర్డుతో ఆడి చూపించాక, ఫోమ్ అంటే చిన్నపిల్లల సరుకన్న చిన్నచూపు తగ్గింది. దాంతో ‘అసలు’ అన్న మాట హద్దు కూడా చెరిగింది.

కొలతలు చెప్పేది, చెప్పనిది

బోర్డు తేలే శక్తిని లీటర్లలో కొలుస్తారు. లీటరు పరిమాణం నీటిలో పూర్తిగా మునిగితే సుమారు కిలో నీటిని పక్కకు నెడుతుంది. నిపుణులైన పెద్దలు తమ బరువులో కిలోకు 0.35 నుంచి 0.40 లీటర్ల బోర్డు వాడతారు. కొత్తగా నేర్చుకునే పెద్దలకు కిలోకు లీటరు లేదా అంతకన్నా ఎక్కువ కావాలంటారు.

ఈ లెక్క పిల్లల దగ్గర తడబడుతుంది. 25 కిలోల పిల్లకు నిపుణుల సూత్రం వర్తింపజేస్తే తొమ్మిది, పది లీటర్లు వస్తుంది. ఆ బోర్డు ఆమెకు ఏ కెరటాన్నీ అందించదు. ఇక దుకాణంలో దొరికే ఎనిమిదడుగుల ఫోమ్ బోర్డులో 80 లీటర్లకు పైనే ఉంటుంది. అది ఆమె కింద బెండులా తేలుతుంది కానీ ఆమె బరువుకు వంగదు, తిరగదు. కెరటం తోసిన వైపే పోతుంది.

లీటర్ల కన్నా ముందు చూడాల్సినది వెడల్పు. బోర్లా పడుకున్నప్పుడు రెండు చేతులూ బోర్డు అంచులు దాటి మోచేతి దాకా నీళ్లలో మునగాలి. 22 అంగుళాల వెడల్పు బోర్డు మీద ఆరేళ్ల పిల్లల వేళ్లు మాత్రమే నీటిని తాకుతాయి. అలాంటి బోర్డు మీద ఎంతసేపు ఉన్నా నీటిని తోసుకుంటూ ముందుకెళ్లడం అబ్బదు. తర్వాత చూడాల్సినది మోత బరువు. సొంతంగా ఇసుక మీద మోసుకెళ్లలేని బోర్డును నీళ్లలో అదుపు చేయడం ఇంకా కష్టం.

మెత్తని బోర్డుకు, గట్టి బోర్డుకు తేడా ప్రధానంగా అంచుల్లో, ఫిన్లలో, వంగే గుణంలో ఉంటుంది. ఫోమ్ బోర్డు అంచు గుండ్రంగా ఉండి నీటిని గట్టిగా పట్టుకోదు, శరీరం ఇచ్చే ఒత్తిడిని కొంత తానే మింగేస్తుంది. గట్టి బోర్డు చిన్న కదలికకూ స్పందిస్తుంది. ఆ స్పందన నేర్చినవారికి వరం, నేర్వనివారికి పడిపోయే కారణం. పైగా గట్టి ముక్కు, పదునైన ఫిన్లు ఒంటికి తగిలితే గాయం ఖాయం.

మొదటి వాదం: ముందు సముద్రం, తర్వాతే బోర్డు

ఈ వాదం ప్రకారం ఏడెనిమిదేళ్ల దాకా నిలబడటం గురించి ఆలోచించనక్కర్లేదు. ఈత, కెరటం కింద మునిగి లేవడం, నీటి లాగుడు ఎటుందో గుర్తించడం, బాడీబోర్డు మీద బోర్లా జారడం చాలు. ఆస్ట్రేలియాలో లైఫ్‌సేవింగ్ క్లబ్బుల ‘నిప్పర్స్’ శిక్షణ ఐదేళ్ల నుంచే మొదలవుతుంది. అక్కడ ఇసుకలో పరుగు, నీటి భద్రత, ఈత పునాది. బోర్డు ఆ తర్వాతి మెట్టు.

ఈ పక్షానికి బలమైన ఉదాహరణలున్నాయి. టోక్యోలో స్వర్ణం గెలిచిన బ్రెజిల్ సర్ఫర్ ఇతాలో ఫెరేరా చిన్నప్పుడు చేపలు అమ్మే తండ్రి దగ్గరి థర్మోకోల్ పెట్టె మూత మీద కెరటాలెక్కాడు. ఫ్లోరిడాలోని కోకో బీచ్‌లో పెరిగిన ప్రపంచ ఛాంపియన్ కెల్లీ స్లేటర్ కూడా బాడీబోర్డుతోనే మొదలుపెట్టాడు. లోపం ఏమిటంటే, ఆట అన్న పేరుతో నేర్పించడమే మానేసే ప్రమాదం ఉంది. పదేళ్లు దాటాక బోర్లా పడుకోవడమే హాయిగా అనిపించి లేచి నిలబడే ప్రయత్నం చేయని పిల్లలూ ఉంటారు. అది లోపమా, ఒక ఇష్టమా అన్నది వేరే ప్రశ్న.

రెండో వాదం: పెద్ద ఫోమ్ మీద నిలకడ

సర్ఫింగ్ బడుల్లో ఎక్కువ భాగం ఈ దారిలో నడుస్తాయి. పొడవైన ఫోమ్ బోర్డు, నడుము లోతు నీళ్లు, విరిగి నురుగైన కెరటం, వెనక నుంచి తోసే కోచ్. తొలి గంటలోనే పిల్లలు నిలబడతారు, కెరటం మీద ఉన్నామన్న ఆనందం దక్కుతుంది. ఆ ఆనందమే మళ్లీ నీళ్లలోకి రప్పిస్తుంది. పొడవైన బోర్డు కెరటాన్ని ముందుగానే అందుకుంటుంది, తడబాటును సహిస్తుంది. హవాయిలోని వైకీకీలో తండ్రి వెంట ఐదేళ్ల వయసులో సర్ఫింగ్ మొదలుపెట్టిన కరిస్సా మూర్ టోక్యోలో మహిళల తొలి స్వర్ణం గెలవడం మెత్తటి కెరటాల మీద ఓపికగా నేర్పే పద్ధతికి బలమిచ్చింది.

విమర్శ కూడా ఇక్కడే పుడుతుంది. కోచ్ తోస్తే వెళ్లే పిల్లకు కెరటం ఎంచుకోవడం, సమయానికి తిరగడం, చేతులతో వేగం పుంజుకోవడం తెలియదు. సర్ఫింగ్‌లో ఎక్కువ సమయం పోయేది ఈ పనులకే. పల్లె బావుల్లో ఈత నేర్పే పెద్దలు నడుముకు కట్టిన బెండ్లను ఒక్కొక్కటీ తగ్గిస్తూ వచ్చినట్టు, ఇక్కడ కూడా సాయం తగ్గించే వరుస ఒకటి ఉండాలి. చాలా చోట్ల ఆ వరుస కనిపించదు. సెలవు దినాల శిక్షణలో ప్రతి పాఠం మళ్లీ మొదటి పాఠమే అవుతుంది.

మూడో వాదం: తొందరగా గట్టి బోర్డు

పోటీల వైపు చూసే కుటుంబాలు, కొందరు బోర్డు తయారీదారులు ఈ పక్షం. పిల్లల కొలతకు తీసిన నాలుగున్నర, ఐదడుగుల గట్టి బోర్డు 15 నుంచి 20 లీటర్లలో దొరుకుతుంది. అది వాళ్ల చేతులకు అందుతుంది, కాలి ఒత్తిడికి తిరుగుతుంది. శరీరం మెదడుతో కలిసి సమతూకం నేర్చుకునే వయసులో సరైన పనిముట్టు ఇవ్వాలని వీరి వాదన. ఫోమ్ బోర్డు మీద కాళ్లు ఎడంగా పెట్టి, నడుము వంచి నిలబడే భంగిమ పాతుకుపోతే తర్వాత సరిదిద్దడం కష్టమంటారు.

ఎదురువాదం రెండు వైపుల నుంచి వస్తుంది. పొట్టి బోర్డుకు వేగం కావాలి. వేగానికి బలమైన కెరటం కావాలి. బలమైన కెరటం ఉండే చోట చిన్న పిల్లలు ఉండకూడదు. రెండోది వైద్యుల హెచ్చరిక. అమెరికన్ అకాడెమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016 నివేదిక, ఎక్కువ క్రీడల్లో ఒకే ఆటకు పరిమితం కావడాన్ని 15, 16 ఏళ్ల దాకా వాయిదా వేయడం మేలని చెప్పింది. అతి వినియోగ గాయాలు, విసుగు తగ్గుతాయని వారి అభిప్రాయం. చైనాలోని సిచువాన్ నుంచి వచ్చిన యాంగ్ సిచీ తెరచాప పడవల పోటీల నుంచి తొమ్మిదేళ్లకు సర్ఫింగ్‌కు మారి, 15 ఏళ్లకే 2024 పారిస్ ఒలింపిక్స్ ఆడింది. తొందరగా మొదలుపెట్టకపోతే దారి మూసుకుపోతుందన్న భయానికి ఈ ఉదాహరణ గండి కొడుతుంది.

నేల మీద, కృత్రిమ కెరటాల మీద

ఈ మూడు వాదాల పక్కన కొత్త మార్గాలు చేరాయి. ముందు చక్రాలు అటూ ఇటూ తిరిగే సర్ఫ్ స్కేట్‌బోర్డు మలుపుల శరీరభాషను నేల మీదే నేర్పుతుంది. తమిళనాడులోని మహాబలిపురంలో చిన్నతనంలో చెప్పుల్లేని కాళ్లతో స్కేట్‌బోర్డు ఎక్కి పేరు తెచ్చుకున్న కమలి మూర్తి తర్వాత జాతీయ సర్ఫింగ్ పోటీల్లో బాలికల విభాగంలో గెలిచింది. నేల మీది సమతూకం నీటిలో అక్కరకు వస్తుందనడానికి ఆమె మంచి ఉదాహరణ. ఇక 2015లో కెల్లీ స్లేటర్ కాలిఫోర్నియా లోతట్టున కృత్రిమ కెరటాన్ని చూపించాక, బ్రిస్టల్, మెల్‌బోర్న్ వంటి చోట్ల కెరటాల కొలనులు వెలిశాయి. ఒకే తీరు కెరటం పదేపదే వస్తే పిల్లలు త్వరగా నేర్చుకుంటారు. కానీ కొలనులో ఎదురు లాగుడు లేదు, మారే గాలి లేదు, ఏ కెరటం ఎంచుకోవాలన్న ప్రశ్న లేదు. సముద్రాన్ని చదవడం అక్కడ రాదు.

ఒక్కచోట చూస్తే

- ముందు సముద్రం: భద్రత, సముద్ర పరిచయం దీని బలం. నిలబడే నైపుణ్యం ఆలస్యమవుతుంది. ఈత రాని పిల్లలకు, నాలుగు నుంచి ఏడేళ్ల వారికి సరిపడే దారి.
- పెద్ద ఫోమ్: తొలి విజయం, ఉత్సాహం త్వరగా వస్తాయి. పెద్దల చేతి మీద ఆధారపడటం అలవాటవుతుంది. నిదానమైన, ఇసుక అడుగున్న తీరాలకు తగినది.
- తొందరగా గట్టి బోర్డు: కచ్చితమైన నైపుణ్యం, చేతులకు అందే కొలత. గాయాల ముప్పు, ఒత్తిడి ఎక్కువ. రోజూ సముద్రంలో ఉండి, సొంతంగా కెరటాలు పట్టే పిల్లలకే.
- స్కేట్, కొలను: తోడుగా వాడితే మేలు. సముద్రానికి బదులుగా వాడితే లోటు.

గాయాల లెక్క ఏం చెబుతోంది

2002లో ఆండ్రూ నేథన్‌సన్ బృందం సర్ఫర్ల గాయాలపై ఇంటర్నెట్ ద్వారా చేసిన సర్వేలో 55 శాతం గాయాలు సొంత బోర్డు తగలడం వల్లే అయ్యాయని తేలింది. కోతలు అన్నిటికన్నా ఎక్కువ. తల, మెడ భాగాల్లో తగిలినవి మూడో వంతు పైమాటే. సర్వేకు జవాబులిచ్చినవారు స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారు, ఎక్కువ మంది పెద్దలు. కాబట్టి చిన్న పిల్లలకు ఆ శాతాలను యథాతథంగా అన్వయించలేం. దిశ మాత్రం స్పష్టం: బోర్డు గట్టిపడే కొద్దీ పడటం నేర్చుకోవడం ముఖ్యమవుతుంది.

కాలికి కట్టే లీష్ తాడు బోర్డును దూరం పోనివ్వదు, కానీ దాన్నే వేగంగా వెనక్కి లాగి మనిషి మీదికి తెస్తుంది. వెట్‌సూట్ల తయారీతో పేరుపొందిన జాక్ ఓనీల్ 1971లో లీష్ ప్రమాదంలోనే ఒక కన్ను పోగొట్టుకున్నాడు. రక్షణ సామగ్రి ఏదైనా దానితో పాటు ఒక అలవాటును కోరుతుంది. లైఫ్ జాకెట్ మీద వాదం కూడా ఇలాంటిదే. అది తేలుస్తుంది, కానీ విరిగే కెరటం కిందికి మునగనివ్వదు.

అసలైన పెద్ద ప్రమాదం బోర్డుది కాదు, నీటిది. 2021లో ప్రపంచంలో సుమారు మూడు లక్షల మంది నీట మునిగి చనిపోయారని, వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఈత, నీటి భద్రత నేర్పాలన్నది ఆ సంస్థ సూచనల్లో ఒకటి. ఏ బోర్డు అన్న చర్చ దీని తర్వాతే రావాలి.

మన తీరానికి వర్తించేదెంత

భారత్‌లో ఈ ఆట ఇంకా చిన్నది. కర్ణాటకలోని ముల్కిలో 2004లో జాక్ హెబ్నర్ మొదలుపెట్టిన మంత్ర సర్ఫ్ క్లబ్, తమిళనాడులోని కోవలంలో మత్స్యకారుడు మూర్తి మేఘవన్ నడిపే శిక్షణ కేంద్రం దీనికి పునాదులు వేశాయి. 2025లో మహాబలిపురం ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్‌కు వేదికైంది. భారత సర్ఫర్ రమేశ్ బుదిహాళ్ అక్కడ కాంస్యం గెలిచాడు.

ఆంధ్రప్రదేశ్‌కు 970 కిలోమీటర్లకు పైగా తీరముంది. విశాఖ రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకునేవారు కనిపిస్తున్నారు. కానీ విదేశీ పుస్తకాల సలహాను ఇక్కడికి మార్చే ముందు తీరాన్ని చూడాలి. విశాఖ ఆర్కే బీచ్ లాంటి చోట్ల ఒడ్డు ఒక్కసారిగా లోతుకు దిగుతుంది. కెరటం దూరాన మెల్లగా విరగకుండా ఒడ్డు మీదే కుప్పకూలుతుంది. లాగుడు ప్రవాహాలు బలంగా ఉంటాయి. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ సముద్రాల నుంచి వచ్చే తరంగాల బలం పెరుగుతుంది, ఆ తర్వాతివి తుపాను నెలలు. వైకీకీలో నడిచే ‘పెద్ద ఫోమ్, నడుము లోతు’ పద్ధతికి ఇక్కడ అన్ని చోట్లా, అన్ని నెలల్లో వీలుండదు.

పైగా మన పట్టణ పిల్లల్లో ఈత రానివారే ఎక్కువ. తెప్పల మీద కెరటాలు దాటి వేటకెళ్లే జాలరి కుటుంబాల పిల్లలకు సముద్రం తీరు పుట్టుకతో పరిచయం. ఒకే తీరంలో ఒకే వయసు పిల్లలిద్దరికి మొదటి మెట్టు వేరువేరుగా ఉంటుంది. సిడ్నీ, మెల్‌బోర్న్, కాలిఫోర్నియాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది. పక్కింటి పిల్లల కాలపట్టిక వారికి కుదరకపోవచ్చు. నిప్పర్స్ లాంటి శిక్షణలో ముందుగా చేరడం పిల్లలతో పాటు పెద్దలకూ పాఠమే.

ఇంకా తేలనివి

మొదటిది, సాక్ష్యం. వాదాలన్నీ ఎక్కువగా కోచ్‌ల అనుభవం మీద, ఛాంపియన్ల బాల్యం మీద నిలబడ్డాయి. థర్మోకోల్ మూత మీద మొదలుపెట్టి మానేసిన పిల్లల కథ ఎవరూ రాయరు. ఐదేళ్లకే గట్టి బోర్డు ఎక్కి, పన్నెండుకు ఆట వదిలేసినవారి కథా అంతే. గెలిచినవారి జీవితాల నుంచి సూత్రాలు తీస్తే రెండు వైపులా ఉదాహరణలు దొరుకుతాయి.

రెండోది, ఫోమ్ మీద వచ్చిన అలవాట్లు నిజంగా చెడగొడతాయా అన్నది. కొలత సరిపోయిన ఫోమ్ బోర్డు మీద వచ్చే భంగిమకు, మరీ పెద్ద బోర్డు మీద వచ్చే భంగిమకు తేడా ఉంది. విమర్శకులు ఈ రెండింటినీ తరచు కలిపేస్తారు. మూడోది, హెల్మెట్. తలను కాపాడుతుందని కొందరు, నీటి తాకిడికి మెడ మీద భారం పెంచుతుందని కొందరు అంటారు. నాలుగోది, వ్యర్థం. పిల్లలు ఏడాదికో కొలత దాటుతారు. చవక ఫోమ్ బోర్డు విరిగితే చెత్తే అవుతుంది. చేతులు మారే పాత బోర్డులు, క్లబ్బుల అద్దె బోర్డులు దీనికి కొంత జవాబు.

తూకం ఎటు మొగ్గుతుంది

వయసునో, నిలబడిన క్షణాలనో గీటురాయిగా పెట్టుకునే సలహాలన్నీ ఒకచోట విఫలమవుతున్నాయి. పెద్దల చెయ్యి పిల్లలను నిలబెట్టగలదు. కెరటాన్ని సొంతంగా పట్టేలా చేయలేదు. అందువల్ల మార్పుకు నాలుగు గుర్తులు నమ్మదగినవిగా కనిపిస్తాయి. లీష్ తెగినా బోర్డు లేకుండా ఒడ్డుకు ఈదగలగడం. ఎవరూ తోయకుండా, ఇంకా విరగని చిన్న కెరటాన్ని సొంత చేతులతో అందుకోవడం. పడేటప్పుడు బోర్డుకు దూరంగా పడి, చేతులతో తల కప్పుకుని పైకి రావడం. ఎదుటివారి దారిని గమనించి, బోర్డును వదిలేయకుండా ఉండటం.

ఈ నాలుగూ ఉన్న పిల్లలకు వయసు ఏడైనా పన్నెండైనా మార్పు భయపెట్టదు. అప్పుడు కూడా ఒకసారి ఒక మార్పే మేలు. కొలత తగ్గిస్తే పదార్థం ఫోమ్‌గానే ఉంచాలి. గట్టి బోర్డుకు మారితే కొలత అదే ఉంచి, మొదట్లో మెత్తని ఫిన్లు పెట్టాలి. ముందు సముద్రమనే పక్షం నుంచి సముద్ర పరిచయాన్ని, ఫోమ్ పక్షం నుంచి ఓపికను, గట్టి బోర్డు పక్షం నుంచి చేతులకు అందే కొలతను తీసుకుంటే మూడు వాదాలూ ఒకే వరుసలో ఇమిడిపోతాయి. బోర్డు కొనే రోజు గురించి కాకుండా తోయడం మానే రోజు గురించి ఇంట్లో ముందుగా మాట్లాడుకుంటే, ఈ చర్చలో సగం చిక్కు అక్కడే విడిపోతుంది.